నోటికి కాపలా ప్రాజెక్టు: గీతల నోట్‌బుక్ డైరీ

రోజు 0

నిన్న సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి గుమ్మం బయట బూట్లు విప్పుతుంటే లోపల్నుంచి మా వాడి గొంతు వినబడింది. "అమ్మా, నాన్న వచ్చాడు, ముందు నువ్వెళ్ళి మూడ్ ఎలా ఉందో చూసి రా, బాగుంటేనే చెప్తా." వాడికి తొమ్మిదేళ్ళు. స్కూల్లో ఏదో పోగొట్టుకున్నాడంట, పెద్ద విషయమేం కాదు. కానీ నేను చేతిలో బూటు పట్టుకుని అక్కడే ఒక నిమిషం నిలబడిపోయాను.

నేను సంఘంలో యూత్‌కి బైబిల్ స్టడీ చెప్తాను. ఈ మధ్యే గలతీ 5:22-23 మీద మూడు వారాలు పాఠం చెప్పాను, ఆత్మఫలంలో ఉన్న తొమ్మిదింటిలో దీర్ఘశాంతం, అంటే ఓర్పు, దగ్గరే ఒక వారమంతా ఆగాం, అందరూ బాగుందన్నారు. ఆ పాఠం చెప్పినవాడు ఇంటికొస్తుంటే ఇంట్లో పిల్లలు వాతావరణం చూసుకున్నట్టు మొహం చూసుకుంటున్నారు.

మా ఇంట్లో పెద్దవాళ్ళు నా కోపం గురించి ఎప్పుడూ ఒకటే మాట అంటారు, పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు అని. మా నాన్నకీ ఉండేది, తాతకీ ఉండేదంట. నేను కూడా లోపల్లోపల దాన్నే నమ్ముకుని బతికేశాను, అదొక వెసులుబాటు కదా. మరి 2 కొరింథీ 5:17లో క్రీస్తునందు ఉన్నవాడు నూతన సృష్టి అని ఉంది, అదీ నమ్ముతున్నాననే చెప్తున్నాను ఇన్నేళ్ళుగా. రెండూ ఒకేసారి నిజం కాలేవు. 100 రోజులు చూద్దామనుకున్నాను, రోజూ చేసే చిన్న పనుల వల్ల నిజంగా మనిషి మారతాడా అని.

రోజు 1

ప్లాన్ రాశాను. ఉదయం 5కి లేవడం, గంట ప్రార్థన, నాలుగు అధ్యాయాలు, రోజుకో వచనం కంఠస్థం, బుధవారం ఉపవాసం, 9 దాకా ఫోన్ ముట్టుకోకపోవడం, రాత్రి కుటుంబ ప్రార్థన. ఏడు కాలమ్‌లు. బైబిల్లో మొత్తం 1189 అధ్యాయాలు, రోజుకి నాలుగైతే 300 రోజుల్లోపే అయిపోతుంది అని లెక్క కూడా వేసుకున్నాను.

రోజు 7

కూలిపోయింది. 5కి లేచిన ఆరు రోజుల్లో మూడు రోజులు మధ్యాహ్నానికే కళ్ళు మూతలు పడ్డాయి, నిద్ర లేని మనిషికి సాయంత్రానికి ఓపిక ఎక్కడ్నుంచి వస్తుంది, మామూలుగా కంటే ఎక్కువ అరిచాను. బుధవారం ఉపవాసం ఉండి అదే రాత్రి మా ఆవిడ మీద కేకలేశాను. ఆ పేజీ చించేయలేదు, ఉంచాను.

రోజు 8

రెండో వెర్షన్. పాస్టర్ గారికి నా ఏడు కాలమ్‌లు చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, "ఇందులో మీ కోపానికి సంబంధించింది ఏది బ్రదర్?" అని అడిగారు. ఒక్కటీ లేదు. అన్నీ మంచి పనులే, కానీ రోగం ఒకచోట ఉంటే మందు ఇంకెక్కడో రాసుకుంటున్నాను.

ఇప్పుడు మూడే పనులు.

ఒకటి, ఉదయం ఫోన్ తీసే ముందు 20 నిమిషాలు వాక్యం, ప్రార్థన. ఫోన్ ఛార్జర్ వేరే గదిలోకి మార్చాను, అలారానికి మామూలు గడియారం. బైబిల్లోని సామెతల పుస్తకంలో 31 అధ్యాయాలు ఉన్నాయి కాబట్టి ఏ తారీఖు అయితే ఆ అధ్యాయం, ఏం చదవాలా అని వెతుక్కునే పని లేదు.

రెండు, తలుపు. కీర్తన 141:3, "యెహోవా, నా నోటికి కావలియుంచుము, నా పెదవుల ద్వారమునకు కాపు పెట్టుము." ద్వారం అన్న మాట దగ్గర ఆగిపోయాను, నేను పాడయ్యేది కూడా సరిగ్గా ద్వారం దగ్గరే, ఇంట్లో అడుగుపెట్టిన మొదటి ఐదు నిమిషాల్లో. అందుకని ఇంటి తలుపు హ్యాండిల్ మీద చెయ్యి వేసినప్పుడల్లా ఈ వచనం చెప్పుకుని, అది అయ్యాకే తిప్పాలి.

మూడు, రాత్రి పది నిమిషాలు నోట్‌బుక్. దీనికి పద్ధతి లొయోలా ఇగ్నేషియస్ దగ్గర దొరికింది. మాది ప్రొటెస్టెంట్ సంఘం, ఆయనేమో కాథలిక్కుల్లో జెస్యూట్ సంఘాన్ని స్థాపించినాయన, అయినా ఇది చదివాక నాకు గౌరవం పెరిగింది. ఆయన సైనికుడు, 1521లో పాంప్లోనా కోట దగ్గర ఫిరంగి గుండు కాలికి తగిలి మంచాన పడ్డాక దేవుని వైపు తిరిగాడు. 1548లో అచ్చయిన ఆయన ఆత్మీయ సాధనల పుస్తకంలో, అన్ని పాపాలూ ఒకేసారి పట్టుకోకుండా ఒక్కదాన్నే పట్టుకోమంటాడు. పొద్దున లేవగానే దాన్ని గుర్తు చేసుకోవాలి, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి ఒకసారి వెనక్కి చూసుకోవాలి. వారానికి ఏడు రోజులు, రోజుకి రెండు గీతలు, పడిపోయిన ప్రతిసారికీ గీత మీద ఒక చుక్క. ఇంకోటి, పడిపోయిన ఆ క్షణంలోనే గుండె మీద చెయ్యి పెట్టుకోవాలంట, పదిమందిలో ఉన్నా ఎవరికీ తెలియకుండా చేయొచ్చు కదా. నాలుగు వందల డెబ్బై ఏళ్ళ కిందటి పద్ధతి, దీనికి స్కేలూ పెన్సిలూ చాలు.

చుక్కకి నా రూల్: అరిస్తే చుక్క, వెటకారంగా అంటే చుక్క, కావాలని మాట్లాడకుండా ముడుచుకుని కూర్చున్నా చుక్కే. మూడోది రాయడానికి చాలా తటపటాయించాను, కానీ నేను ఎక్కువగా చేసేది అదే.

రోజు 22

రెండు వారాల లెక్క తేలింది. మొత్తం 43 చుక్కలు, అందులో 29 సాయంత్రం 7 నుంచి 9 మధ్య పడ్డవే. నాకు కోపం ఎప్పుడూ ఉంటుంది అనుకునేవాణ్ణి, ఇల్లంతా కూడా అలాగే అనుకుంటోంది, తీరా చూస్తే అది రెండు గంటల మనిషి. ఆఫీసులో మిగిలిపోయిన మెసేజ్‌లు ఫోన్లో చూస్తూ పిల్లల హోంవర్క్ చూసే టైం అది. ఫోన్ తొమ్మిదింటి దాకా ఛార్జర్ గదిలోనే ఉంచేశాను. ఇందులో ఆత్మీయత ఏముంది అని ఎవరైనా అనొచ్చు. సామెతల్లో ఎక్కడ చూసినా ఎవరితో నడవాలి, ఏ దారిలో పోకూడదు, ఏ ఇంటి గుమ్మం దగ్గరికి వెళ్ళకూడదు అనే కదా ఉంది, తప్పు చేయించే శోధన ఉండే చోటు నుంచి కాలు తీసేయడం కూడా భక్తిలో భాగమే అని నా నమ్మకం.

21 రోజులకి ఏ అలవాటైనా కుదిరిపోతుంది అని అందరం వింటూ పెరిగాం. నాకైతే రెండు వారాలైంది, తలుపు వచనం ఇంకా సగం రోజులు మర్చిపోతూనే ఉన్నాను. లండన్ యూనివర్సిటీ కాలేజ్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మంది మీద చేసి 2010లో అచ్చువేసిన స్టడీ ఒకటి ఉంది, అందులో ఒక పని ఆలోచించకుండా దానంతట అదే జరిగే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది, మనిషిని బట్టి, పనిని బట్టి 18 నుంచి 254 దాకా. ఒక రోజు తప్పినంత మాత్రాన పెద్ద తేడా రాలేదని కూడా అందులోనే ఉంది. నిరుత్సాహపడే వాళ్ళకి ఈ రెండో సంగతే ఎక్కువ అవసరం.

రోజు 26

ఇవాళ రాయాలని లేదు, అయినా రాస్తున్నాను. సహవాసంలో ఒక తమ్ముడు పని ఒత్తిడిలో వాక్యం చదవడం కుదరట్లేదు అని బాధపడుతుంటే, నేను అతని మాట మధ్యలోనే అందుకుని నాకు 18 రోజుల నుంచి ఒక్క పొద్దు కూడా తప్పలేదని చెప్పాను. ప్రోత్సాహం కోసమే అన్నట్టు చెప్పాను గానీ లోపల ఉన్నది వేరే. అతని మొహం చిన్నబోయింది.

రాత్రి లూకా 18 తీశాను. దేవాలయానికి వెళ్ళిన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని నిష్ఠగా పాటించేవాడు, వారానికి రెండుసార్లు ఉపవాసం, సంపాదన అంతటిలో పదో వంతు అని లెక్క చెప్తాడు. ఆయన చార్ట్‌లో ఒక్క గడీ ఖాళీ లేదు. అలవాట్లన్నీ పక్కాగా ఉన్నాయి, పన్నులు వసూలు చేసే సుంకరిని మాత్రం చులకన చేస్తున్నాడు. అలవాటు మనిషిని మలుస్తుంది, నిజమే, కానీ ఎటు మలుస్తుంది అన్నది ఆ అలవాటు ఎవరి ముందు నిలబడి చేస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేను దేవుని ముందు కాకుండా నోట్‌బుక్ ముందు నిలబడటం మొదలుపెట్టాను.

ఆ తమ్ముడికి ఫోన్ చేసి క్షమించమని అడిగాను. ఆరు గంటలు పట్టింది నాకు ఆ ఫోన్ చేయడానికి.

రోజు 29

ఆ ఆరు గంటలు బుర్రలోంచి పోవట్లేదు. అందుకని కొలత మార్చాను. తప్పని రోజులు లెక్కపెట్టడం ఆపేశాను. చుక్క పక్కన ఇంకో అంకె రాస్తున్నాను, తప్పు చేశాక వెళ్ళి "నాదే తప్పు" అని చెప్పడానికి ఎంతసేపు పట్టింది అని. పాత పేజీలు గుర్తు చేసుకుని రాస్తే దారుణంగా ఉంది, చాలా చుక్కల పక్కన అసలు అంకే లేదు, ఎందుకంటే చెప్పనే లేదు. మర్నాటికి అందరూ మామూలుగా ఉంటే అయిపోయిందిలే అనుకున్నాను. ఎఫెసీ 4:26లో సూర్యుడు అస్తమించేదాకా కోపం నిలిచి ఉండకూడదు అని ఉంది, నా సూర్యుళ్ళు ఎన్ని అస్తమించాయో.

చెప్పే తీరు కూడా ఒకటి పెట్టుకున్నాను, "సారీ, కానీ నువ్వు కూడా..." అంటే లెక్కలోకి రాదు. "కానీ" ఉండకూడదు.

రోజు 38

జ్వరం. 34 నుంచి 37 దాకా పేజీ ఖాళీ. ఇంతకుముందైతే ఇక్కడితో ప్రాజెక్టు ఆగిపోయేది, నాకు మొదట్నుంచీ అదే జబ్బు, ఒక రోజు తప్పితే మొత్తం పోయినట్టే.

పడుకుని నిర్గమ 16 విన్నాను. అరణ్యంలో ఇశ్రాయేలీయులకి దేవుడిచ్చిన ఆహారం మన్నా, ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, మాట వినకుండా మర్నాటికి మిగుల్చుకుంటే పురుగు పట్టి కంపు కొట్టింది, విశ్రాంతి దినానికి ముందు రోజు మాత్రమే రెండింతలు. నిన్నటి మన్నా ఇవాళ పనికిరానప్పుడు, నిన్న ఏరుకోకపోయినంత మాత్రాన ఇవాళ్టి మన్నా ఆగిపోలేదు కూడా. పోయిన నాలుగు రోజులకి కలిపి నాలుగు అధ్యాయాలు చదివేసి బాకీ తీర్చే పని పెట్టుకోలేదు. ఇవాళ తారీఖు అధ్యాయం చదివాను, అంతే.

రోజు 47

సంఘంలో ఒక పెద్దాయనకి ఈ నోట్‌బుక్ సంగతి తెలిసింది. "బాబూ, కృప వల్ల రక్షింపబడి మళ్ళీ క్రియల్లోకి వెళ్తున్నావేమో చూసుకో" అన్నారు. దేవుడు ఉచితంగా ఇచ్చిన రక్షణని నా పనులతో సంపాదించుకోవాలని చూస్తున్నానేమో అని ఆయన భయం. కోపంతో అన్నమాట కాదు, నిజంగా నా మీద దిగులుతోనే అన్నారు. నాకూ ఆ భయం ఉంది కాబట్టి రెండు రోజులు దీనిమీదే కూర్చున్నాను.

ఫిలిప్పీ 2:12లో భయంతో వణుకుతో మీ రక్షణ కొనసాగించుకోండి అంటాడు పౌలు, వెంటనే 13లో ఇష్టపడటానికీ చేయడానికీ మీలో కార్యసిద్ధి కలగజేసేది దేవుడే అంటాడు. రెండూ ఒకే ఊపిరిలో. అమెరికా పాస్టర్ జోనాథన్ ఎడ్వర్డ్స్ 1722, 23ల్లో, అంటే పంతొమ్మిదేళ్ళ వయసప్పుడు, 70 తీర్మానాలు రాసుకున్నాడు, వారానికోసారి చదువుకోవాలని కూడా పెట్టుకున్నాడు, కానీ వాటన్నిటికీ పైన రాసుకున్నది దేవుని సహాయం లేకుండా నేనేమీ చేయలేను అని.

నాకు ఎక్కువ సాయం చేసింది మాత్రం మార్కు 4:26-29. ఒకడు విత్తనం చల్లి రాత్రి నిద్రపోతూ పగలు లేస్తూ ఉంటాడు, వాడికి తెలియని రీతిగా అది మొలిచి పెరుగుతుంది. చల్లడం వాడి పనే, చల్లకుండా కూర్చుంటే ఏమీ రాదు. మొలిపించడం మాత్రం వాడి చేతిలో లేదు, రోజూ తవ్వి చూసుకుంటే చచ్చిపోతుంది కూడా. పెద్దాయనకి ఇదే చెప్పాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే చుక్కలు మరీ ఎక్కువ చూసుకోకు" అన్నారు. మంచి సలహా, అప్పటి నుంచి మొత్తాలు రెండు వారాలకోసారే వేస్తున్నాను.

రోజు 61

ఈ ప్రాజెక్టులో నాకు దొరికిన అసలు విషయం ఇవాళ దొరికింది అనుకుంటున్నాను.

1 తిమోతి 4:7, "దేవభక్తి విషయములో నీకు నీవే సాధకము చేసికొనుము." ఈ వచనం ఎన్నోసార్లు చెప్పాను గానీ సాధకం అన్న మాటని ఎప్పుడూ వినలేదు నేను. పాట నేర్చుకునేవాళ్ళు పొద్దున్నే కూర్చుని చేసేది సాధకం, అవే స్వరాలు మళ్ళీ మళ్ళీ. అక్కడ గ్రీకులో ఉన్న మాట కూడా జిమ్నాసియం అన్న మాటకి చుట్టమే, కసరత్తు అని అర్థం. మా సంఘంలో కీబోర్డ్ వాయించే అబ్బాయి పాట మధ్యలో పాస్టర్ గారు హఠాత్తుగా శృతి మార్చినా తడుముకోడు, అతను ఆ క్షణంలో ఏమీ ఆలోచించడు, ఇంట్లో ఎవరూ విననప్పుడు వేళ్ళు నేర్చుకున్నది అప్పుడు బయటికొస్తుంది.

మరి నా వేళ్ళు ఏం నేర్చుకున్నాయి? తర్వాత బిషప్ అయిన అగస్టీన్ తన ఒప్పుకోలు పుస్తకం ఎనిమిదో భాగంలో ఒక గొలుసు గురించి రాశాడు, వంకర తిరిగిన ఇష్టం నుంచి దురాశ పుట్టింది, దానికి లొంగగా లొంగగా అలవాటైంది, అలవాటుని ఎదిరించకపోతే అది తప్పించుకోలేని అవసరం అయిపోయింది అని. 386లో మిలాన్‌లో ఆ గొలుసు తెగే దాకా ఆయన పడ్డ యాతన అంతా అక్కడ ఉంది. అది చదివి నా పదకొండేళ్ళ ఉద్యోగం, పెళ్ళి, ట్రాఫిక్ అన్నీ వెనక్కి తిప్పుకుని చూశాను. హారన్ కొట్టిన ప్రతిసారీ సాధకం చేశాను. ఫోన్ పెట్టేశాక అవతలివాణ్ణి తిట్టుకున్న ప్రతిసారీ సాధకం చేశాను. మా ఆవిడ అడిగిన దానికి అవసరం లేని చోట గొంతు పెంచిన ప్రతిసారీ. ఒక్క రోజు కూడా తప్పకుండా, ఏ చార్టూ లేకుండా, నేను చేసినంత నిష్ఠగా ఎవరూ చేయరు. ఇది పుట్టుకతో వచ్చింది కాదు. నాన్న దగ్గర చూసి నేర్చుకున్నాను, తర్వాత నేనే రోజూ వాయించి వాయించి గట్టిపరిచాను. ఆ సామెత నా విషయంలో తప్పు. నేర్చుకున్నదైతే మానుకోవచ్చు, నేర్పేవాడు ఉంటే.

దీనికి ఏడుపొచ్చింది. బాధతో కాదు, సరిగ్గా ఏమనాలో తెలియదు, ఏళ్ళ తరబడి గోడ అనుకున్నది తలుపు అని తెలిసినట్టుంది. వెంటనే ఇంకోటి కూడా గుర్తొచ్చింది, మా వాడు ఇప్పుడు నా దగ్గర చూసి ఏం నేర్చుకుంటున్నాడు అని.

రోజు 74

ఆఫీసులో టీమ్‌లో కొత్తగా చేరిన అమ్మాయి తప్పు ఫైల్ క్లయింట్‌కి పంపేసింది, పాత రేట్లున్నది. నాకు తెలిసేసరికి క్లయింట్ దగ్గర్నుంచి రెండు మెయిల్స్ వచ్చేశాయి. ఆమె మీటింగ్ రూమ్‌లో కూర్చుని ఉంది, నేను విసురుగా వెళ్ళాను, ఏమనాలో వాక్యాలు కూడా తయారై ఉన్నాయి, తలుపు హ్యాండిల్ మీద చెయ్యి పడింది. పడగానే లోపల వచనం దానంతట అదే మొదలైపోయింది, నా నోటికి కావలియుంచుము. నేను అనుకోలేదు, పిలవలేదు, ఇంటి తలుపు కోసం నేర్చుకున్నది ఆఫీసు తలుపు దగ్గర వచ్చింది. పూర్తయ్యేదాకా హ్యాండిల్ తిప్పలేదు, అది కూడా చెయ్యి దానంతట అదే ఆగింది.

లోపలికెళ్ళి "సరే, ముందు క్లయింట్‌కి ఏం రాద్దామో చూద్దాం" అన్నాను. ఆమె ఏడుస్తూ ఉంది, నా మాట విని ఇంకొంచెం ఏడ్చింది.

రాత్రి దానియేలు 6 చదివాను. రాజుకి తప్ప ఇంకెవరికీ ప్రార్థన చేస్తే సింహాల గుహే అన్న శాసనం మీద సంతకం అయిందని తెలిశాక కూడా దానియేలు ఇంటికెళ్ళి "యథాప్రకారముగా" ముమ్మారు మోకాళ్ళూనాడు అని ఉంది. సింహాల సంగతి వచ్చినప్పుడు కొత్తగా తెచ్చుకున్న ధైర్యం కాదు అది. చెరపట్టబడి వచ్చి అప్పటికి 60 ఏళ్ళ పైనే అయింది, ఆ పరాయి దేశంలో ఏ సింహాలూ లేని మామూలు రోజుల్లో వంగిన మోకాళ్ళవి. శత్రువులు ఆయన మీద వల పన్నగలిగింది కూడా ఆ అలవాటు అంత ఖచ్చితంగా ఉండబట్టే, వీడు రేపు కూడా ఇదే చేస్తాడు అని వాళ్ళకి నమ్మకం. యేసు ప్రభువు గురించి కూడా లూకా 22:39లో "తన వాడుక చొప్పున" ఒలీవల కొండకి వెళ్ళాడని ఉంది, ఆ రాత్రి కూడా. ఎక్కడ దొరుకుతాడో ఆయన్ని పట్టించిన యూదాకి తెలుసు.

రోజు 75

నిన్న రాసింది చదువుకుని బాగా సంతోషపడి, ఇవాళ రాత్రి 8కి లెక్కలు తప్పు చేశాడని మా వాడి పుస్తకం విసిరేశాను. పెద్ద చుక్క. గుండె మీద చెయ్యి పెట్టుకున్నాను గానీ వాడి ముందు కూర్చోవడానికి 25 నిమిషాలు పట్టింది.

రోజు 100

లెక్కలు. మొదటి రెండు వారాలు 43 చుక్కలు, చివరి రెండు వారాలు 19. ఏడు నుంచి తొమ్మిది ఇప్పటికీ గండమే. రెండో అంకె, అంటే ఒప్పుకోవడానికి పట్టే టైం, అప్పుడు చాలావాటికి లేనే లేదు, ఇప్పుడు ఎక్కువ భాగం అరగంట లోపు, రెండుసార్లు ఐదు నిమిషాల్లోపు. ఉదయం వాక్యం 92 రోజుల్లో 81. తలుపు వచనం లెక్కపెట్టడం ఎప్పుడు మానేశానో గుర్తులేదు.

రోమా 5:4లో ఓర్పు పరీక్షను కలగజేస్తుంది అని మన బైబిల్లో ఉన్న మాటకి మూలంలో పరీక్షకి నిలిచి అసలైనదని తేలిన గుణం అని అర్థం. నాది ఇంకా పరీక్ష మధ్యలోనే ఉంది.

మా ఆవిడని అడిగాను, తేడా ఏమైనా ఉందా, నా కోసం చెప్పొద్దు అని. ఆమె బట్టలు మడతపెడుతూ చాలాసేపు ఏం అనలేదు. తర్వాత, "కోపం తగ్గింది, కొంచెం. కానీ ఇంతకుముందు మీకు కోపం వస్తే అది ఎప్పుడు అయిపోతుందో మాకు తెలిసేది కాదండీ, ఇప్పుడు తెలుస్తోంది" అంది.

రోజు 103

కొత్త నోట్‌బుక్‌కి గీతలు గీస్తుంటే మా చిన్నది, ఏడేళ్ళది, పక్కన కూర్చుని "నాకూ గీసివ్వు నాన్నా" అంది. దేనికి అంటే నువ్వు పెట్టుకున్నట్టు చుక్కలు పెట్టుకుంటా అంది. నాకు చెయ్యి ఆడలేదు. ఈ వయసులో దీని చేత దీని తప్పులు లెక్కపెట్టించడం నాకు ఇష్టం లేదు, అది నా జబ్బుకి వేసుకున్న మందు, దానికెందుకు. అలాగని అడిగింది కదా, వద్దు అనడమూ బాగోదు. చివరికి, నీ చుక్కలు వేరే, దేవుడికి థాంక్స్ చెప్పాలనిపించిన ప్రతిసారీ ఒకటి పెట్టు అన్నాను.

ఇగ్నేషియస్ గీసిన పటంలో వారం గడిచేకొద్దీ గీతలు పొట్టిగా అవుతూ వస్తాయి, తప్పులు తగ్గాలని కాబోలు. నేను అలవాటుకొద్దీ దానికీ అలాగే గీశాను. చూసి ఒప్పుకోలేదు. శనివారం గీత ఇంత చిన్నగా ఉంటే చుక్కలు ఎక్కడ పడతాయి అంది. చెరిపేసి ఆదివారం చిన్నగా, శనివారానికి పేజీ చివరిదాకా గీసిచ్చాను.